నెలకో బుధవారం మన హోటల్ ఎందుకు మూసేస్తున్నామంటే

అందరికీ నమస్కారం. పోయిన నెల రెండో బుధవారం మన టిఫిన్ హోటల్ షట్టర్ దించేసి ఉండటం చూసి చాలామంది వెనక్కెళ్ళిపోయారు, ఆసుపత్రికి నైట్ డ్యూటీకెళ్ళే అమ్మాయిలైతే ఇడ్లీ పార్సిల్ కోసమని వచ్చి ఖాళీ కడుపుతోనే డ్యూటీకి పోయారంట, మర్నాడు వాళ్ళు చెప్తే నాకు ప్రాణం ఉసూరుమంది. ముందే బోర్డు పెట్టాల్సింది, పెట్టలేదు, తప్పు పూర్తిగా నాదే. క్షమించండి. ఇకమీదట వారం ముందే బోర్డు కనిపిస్తుంది. కానీ ఆ బుధవారం మధ్యాహ్నం నుంచి మూయడం మాత్రం ఆపను, ఎందుకో చెప్తా వినండి.

ఒడిశాలోని ఈ బరంపురంలో మన హోటల్ పెట్టి 19 ఏళ్ళయింది. పొద్దున నాలుగింటికి లేచి పొయ్యి వెలిగిస్తే రాత్రి పదింటికి పెనం కడిగేదాకా ఇదే లోకం, ఇన్నేళ్ళలో నేను బయటికెళ్ళి కూర్చుని తిన్నది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మొన్న సంక్రాంతికి మా అప్పడాల వదిన అడిగింది, "ఊరందరికీ పెడతావు గానీ, ఒకళ్ళు వండి వడ్డిస్తే నువ్వెప్పుడు తిన్నావే" అని. నా దగ్గర జవాబు లేదు. అలా మొదలైంది. వదిన, పట్టుచీరల కొట్టు అన్నయ్య, వాళ్ళావిడ, రిటైరైన లెక్కల మాస్టారు, మా ఆయన, నేను, ఆరుగురం. నెలకోసారి, మేమెప్పుడూ తినని వంట ఎక్కడ దొరికితే అక్కడికి. సోమవారం అనుకున్నాం గానీ ఆ రోజు మాలో సగం మంది నీసు ముట్టరు, అందుకని బుధవారం.

మొదటిసారి గోపాలపూర్ వెళ్ళాం, బెంగాలీ టూరిస్టుల కోసం వండే చోటికి. బిల్లు ఆరుగురికీ సమానంగా పంచేసరికి చేప తినని మాస్టారికీ వదినకీ అన్యాయం జరిగింది, వాళ్ళేమీ అనలేదు గానీ నాకే మనసొప్పలేదు. ఇప్పుడు తలా 400 డబ్బాలో వేస్తాం, బండి ఖర్చు, అన్నం, కూరగాయల వంటలు అందులోంచే, చేపా మాంసం తిన్నవాళ్ళు ఆ డబ్బు విడిగా ఇచ్చుకుంటారు. మీరెవరైనా ఇలాంటిది మొదలెడితే ఈ లెక్క ముందే తేల్చుకోండి. అక్కడ తిన్న ఆవ చేప మాత్రం ఇంకా నోట్లోనే ఉంది. మనం పనసపొట్టు కూరలో ఆవ చివర్లో పెడతాం కదా, వాళ్ళు ఆవముద్దలోనే చేపని ఉడకనిస్తారు. చేదెక్కదా అని వంటాయన్ని అడిగితే ఉప్పూ పచ్చిమిర్చీ వేసి నూరమ్మా అన్నాడు, ఇంటికొచ్చి నూరి చూశా, నిజమే.

తర్వాతది చంద్రగిరి, తిరుపతి దగ్గరది కాదు, ఇక్కడ ఒడిశాలోనే టిబెటన్లు ఉండే ఊరు. దిగపహండి దాటి, తప్తపాణి ఘాటీ ఎక్కి, మోహన మీదుగా వెళ్ళాలి. చలికాలం స్వెట్టర్లమ్మే టిబెటన్లని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం, బేరం కూడా ఆడాం, ఇంట్లో ఏం వండుకుంటారని ఒక్కసారైనా అడిగామా? 1959లో దేశం వదిలి వచ్చినవాళ్ళకి 1963లో అక్కడ భూములిచ్చి క్యాంపులు కట్టారు, మొక్కజొన్న పండించుకుంటారు. అక్కడికి దగ్గర్లోనే జిరంగ్‌లో పెద్ద బౌద్ధ మఠం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు, అది చూసొచ్చి ఒక ఇంట్లోనే నడిపే చిన్న హోటల్లో కూర్చున్నాం.

ముందు ఉప్పేసిన వెన్న టీ ఇచ్చారు. టీ అనుకుని తాగితే మింగుడుపడలేదు, చారు అనుకుని తాగండని మాస్టారన్నారు, అలా తాగితే హాయిగా దిగింది. ఆ తర్వాత వచ్చింది టింగ్మో. మైదాకి ఈస్ట్ కలిపి పొంగబెట్టి, చుట్టి, మన ఇడ్లీలాగే ఆవిరి మీద ఉడికిస్తారు, లోపల కూర ఏమీ పెట్టరు. తెల్లగా అరచేయంత ఉంది, వేలితో లాగితే చామంతి రేకుల్లా పొరలు పొరలుగా ఊడొస్తోంది. పక్కన గిన్నెలో వేడి పులుసూ, ఎర్రగా మిరప పచ్చడీ. ఇది ఉత్తదే తినాలా, ముంచాలా, చేత్తోనా స్పూన్‌తోనా, నాకేమీ తెలీదు. 19 ఏళ్ళు హోటల్ నడిపినదాన్ని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయా. ఆ ఇంటి పెద్దావిడ చూసింది. ఏమీ అనకుండా తన పళ్ళెం తెచ్చుకుని మా ఎదురుగా కూర్చుని, ఓ పొర తుంచి, పులుసులో ముంచి, ఒడియాలో "ఇలా" అని చూపించింది.

వచ్చేదారంతా నాకు మన హోటలే కళ్ళముందు. కిందటేడు ఒక బెంగాలీ కుర్రాడు వచ్చి గోడమీద బోర్డు ఎగాదిగా చూసి, దిబ్బరొట్టె అంటే ఏంటని అడిగితే, రష్‌లో ఉండి నేను "రొట్టె బాబూ" అనేసి పార్సిళ్ళు కట్టుకున్నా. ఆ అబ్బాయి టీ తాగి డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ రోజు ఎదురుగా కూర్చుని తుంచి చూపించాల్సింది నేను.

అందుకే ఈ ఒకటో తారీఖు నుంచి పెసరట్టు, దిబ్బరొట్టె, గుంటపునుగులు, అన్నీ హాఫ్ ప్లేట్ దొరుకుతాయి, రేటు కూడా సరిగ్గా సగమే. తెలీని వంట ఫుల్ ప్లేట్ చెప్పడానికి ఎవరికైనా భయమే కదా. బోర్డు మీద ఒడియా, తెలుగు, హిందీల్లో దేంట్లో ఏముందో, దేంతో తినాలో రాయిస్తున్నా. మన కుర్రాళ్ళకీ చెప్పా, ఎవరైనా అడిగితే చేతిలో పని ఆపి చెప్పమని.

టిబెటన్లు నూడుల్స్‌తో చేసే తుక్పా పెడతారా అని కొందరడుగుతున్నారు. పెట్టను. ఇంట్లో మూడుసార్లు చేశా, ఆ టిబెటన్ పెద్దావిడ చేతి రుచి రాలేదు, రానిదాన్ని మీకు అమ్మలేను. చంద్రగిరి వెళ్ళి వాళ్ళ దగ్గరే తినండి.

వచ్చే నెల రాయగడ వైపు, వెదురు చిగురు కూర కోసం. బండిలో రెండు సీట్లున్నాయి, రావాలనుకుంటే ఆ బుధవారానికి ముందొచ్చే శుక్రవారం లోపు కౌంటర్ దగ్గర చెప్పండి, ఉల్లి వెల్లుల్లి తినకపోతే అదీ చెప్పండి. నైట్ డ్యూటీ అమ్మాయిలూ, ఆ రోజు మీకు పులిహోర పొట్లాలు కట్టి పక్కన మందుల కొట్లో పెట్టి వెళ్తాం, డబ్బులు మర్నాడిచ్చినా పర్లేదు.