మందుల బిల్లు మీద ఉండే గడువు తేదీ చాక్లెట్ల బిల్లు మీదా ఉండాలి

కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

విజయనగరం గంటస్తంభం దగ్గర చిన్న ఏజెన్సీ నడుపుతున్నాను. విదేశాల నుంచి వచ్చే చాక్లెట్లు, జెల్లీలు విశాఖ డీలర్ల దగ్గర కొని చీపురుపల్లి, రాజాం, బొబ్బిలి, సాలూరు లైన్లలో కిరాణా కొట్లకు వేస్తాం. 2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. సంతోషం. ఇప్పుడు నా బాధ పన్ను గురించి కాదు, గడువు తేదీ గురించి.

కిందటేడు పైడితల్లమ్మ పండక్కని జెల్లీలు నలభై కార్టన్లు తెప్పించాను. అమ్మవారి సిరిమాను ఊరేగింపు నాడు ఊళ్లో ఎటు చూసినా పిల్లలే, సరుకు నిలవదనుకున్నాను. లోడు దిగిన రోజే మా కుర్రాడు పదమూడు కార్టన్లు రాజాం లైనులో వేసేశాడు. సాయంత్రం ఒక డబ్బా తిరగేసి చూశాను. అడుగున సన్నటి అక్షరాల్లో గడువు తేదీ ఉంది. ఇంకా పంతొమ్మిది రోజులే! పల్లెలో కొట్టువాడికి ఒక డబ్బా అమ్ముడవడానికే నెల పడుతుంది. పైగా డబ్బా విప్పి విడిగా అమ్ముతాడు. తేదీ డబ్బా మీదే ఉండిపోతుంది, పిల్లాడి చేతిలోకి వెళ్లే బిళ్ళ మీద ఏమీ ఉండదు. అమ్మిన డీలరుకు ఫోన్ చేస్తే "రేటు తగ్గించాం కదా, రిటర్ను లేదు" అన్నాడు. మర్నాడు ఆటో కట్టించుకుని కొట్టు కొట్టుకీ తిరిగి సరుకు వెనక్కి తెచ్చాం. ఆ డబ్బు పోయింది, పోనీండి. తిరగేసి చూడకపోయి ఉంటే?

దిగుమతి సరుకు కస్టమ్స్ దాటేనాటికి మొత్తం గడువులో 60 శాతం గానీ, గడువుకు 3 నెలలు గానీ మిగిలి ఉండాలి. ఏది తక్కువైతే అది చాలంటుంది నిబంధన. అంటే ఏడాదిన్నర గడువున్న జెల్లీ 3 నెలలే మిగిలినా రేవు దాటుతుంది. దిగుమతిదారు గోదాములో కొన్నాళ్లు, డీలరు దగ్గర కొన్నాళ్లు, ఆ తర్వాత మేము. సాలూరు చేరేసరికి మిగిలేదెంత? గడువు దాటిన సరుకు సరఫరా చేస్తే పంపిణీదారు బాధ్యుడని 2006 ఆహార భద్రతా చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఆ బాధ్యత మోస్తాం. కానీ కొనేముందు తేదీ మాకు తెలియాలి కదా.

మందుల హోల్‌సేల్ బిల్లు చూడండి. ప్రతి వరుసలో బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఆహార వ్యాపారుల బిల్లుల మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఇచ్చే నంబరు 2022 జనవరి నుంచి తప్పనిసరి అయింది, అందరం వేస్తున్నాం. దిగుమతి తినుబండారాల బిల్లులో ఈ రెండు గడులు కూడా తప్పనిసరి చేయండి. తేదీ బిల్లు మీద రాసివ్వక తప్పదంటే ఆర్డరు పెట్టేముందే డీలరును అడిగి చూసుకుంటాం, గడువు దగ్గరపడ్డ సరుకు రాత్రికి రాత్రి అంటగట్టడం కుదరదు.

ఇంకొక్క మాట. లేబుల్ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే చాలన్నది ఇప్పటి నిబంధన. కార్తీక మాసంలో మా కొట్లకు వచ్చే పెద్దవాళ్లు "ఇది తినొచ్చా నాయనా?" అని అడుగుతారు. కొన్ని జెల్లీల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. ఆ ముక్క తెలుగులో ఎక్కడా లేదు. దిగుమతిదారు తన పేరు, లైసెన్సు నంబరు, శాకాహార లేదా మాంసాహార గుర్తు స్టిక్కరుగా అంటించుకోవడానికి ఎలాగూ అనుమతి ఉంది. తెలుగు రాష్ట్రాలకు వచ్చే సరుకు మీద ఆ స్టిక్కరులోనే గడువు తేదీ, జెలటిన్ సంగతి రెండు వరుసల తెలుగులో రాయించండి.

వచ్చే పైడితల్లమ్మ పండక్కి సరుకు ఆర్డర్లు పెట్టకముందే ఈ ఉత్తర్వు వస్తుందని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక చాక్లెట్ల పంపిణీదారు,
విజయనగరం