డార్విన్‌కు మద్రాసు నుంచి అందిన పావురాలు

సంపాదకులకు,

పరిణామ సిద్ధాంతం పుట్టుక గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. గలపాగస్ దీవుల్లో పిట్టల ముక్కులు చూడగానే డార్విన్‌కు అంతా బోధపడిందన్నట్టు అందులో రాశారు. పాఠాలు చెప్పేవారు కూడా చాలామంది ఇలాగే చెబుతారు కనుక వ్యాసకర్తను ఒక్కరినే తప్పుపట్టలేం. అయితే 1835లో ఆ దీవుల్లో సుమారు ఐదు వారాలు గడిపిన డార్విన్, తాను సేకరించిన ఫించ్ పిట్టల్లో ఏది ఏ దీవిదో సరిగా రాసిపెట్టుకోనేలేదు. అవి ఒకదానికొకటి దగ్గరి సంబంధం గల వేర్వేరు జాతులని 1837లో లండన్‌లో తేల్చినవాడు పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్.

జాతులు మారతాయన్న ఊహ కూడా అప్పటికి కొత్తది కాదు. డార్విన్ తాత ఎరాస్మస్ 1790లలోనే ఆ మాట అన్నాడు, ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ 1809లో దానిమీద ఒక గ్రంథమే రాశాడు. ఎలా మారతాయన్న ప్రశ్నకు దారి చూపింది 1838లో డార్విన్ చదివిన, తిండి కంటే జనాభా వేగంగా పెరుగుతుందని చెప్పే మాల్థస్ జనాభా గ్రంథం. ఆ దారి నిజమేనని పాఠకులను ఒప్పించడానికి మాత్రం ఆయన ఆశ్రయించింది పెంపుడు పావురాలను.

1859లో వెలువడిన 'జాతుల పుట్టుక' మొదటి అధ్యాయంలో పేజీలకు పేజీలు పావురాల గురించే ఉంటాయి. లక్కా పావురాన్నీ తక్కిన రకాలనూ అడవిలో పట్టుకున్నవని చెప్పి చూపిస్తే ఏ పక్షిశాస్త్రవేత్త అయినా వేర్వేరు జాతులుగా లెక్కిస్తాడనీ, అయినా అవన్నీ ఒకే అడవి పావురం సంతతేననీ ఆయన వాదం. తెల్ల లక్కాలను నల్లని బార్బ్ పావురాలతో జత కట్టించి, వాటి పిల్లలను మళ్లీ కలిపితే, మూడో తరంలో నీలి ఒళ్లూ రెక్కలపై రెండు నల్ల చారలూ గల అచ్చమైన అడవి పావురం పోలికలు తిరిగి వచ్చాయి. మనిషి ఏరికోరి పెంచడంవల్ల కొద్ది వేల ఏళ్లలో ఇంత తేడా వస్తే, ప్రకృతి వరణం (పరిస్థితులకు తగిన జీవులే ఎక్కువగా బతికి సంతతిని పెంచుకోవడం) లక్షల ఏళ్లలో ఎంత చేయగలదో ఊహించమన్నాడు.

ఈ పనికి ఆయనకు ప్రపంచం నలుమూలల పావురాలూ కావలసి వచ్చాయి. 1856లో మద్రాసులోని ఆంగ్లేయ ప్రభుత్వాధికారి వాల్టర్ ఎలియట్‌కు ఉత్తరం రాసి పావురాల, కోళ్ల చర్మాలు పంపమని అడిగాడు. అవి అందాయని, అదే మొదటి అధ్యాయంలో ఎలియట్ పేరు చెప్పి కృతజ్ఞత తెలిపాడు. (బీసెంట్ నగర్ బీచికి పేరిచ్చిన ఎలియట్ వేరొకరు, మా చెన్నైవాసులు తరచు పొరబడతారు.) ఈ వాల్టర్ ఎలియట్ తెలుగువారికి పరాయివాడేమీ కాడు. ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసినవాడు, 1845లో అమరావతి శిల్పాలను తవ్వించి మద్రాసుకు తరలించినవాడు. వాటిలో అధికభాగం నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయన్నది మనకు మింగుడుపడని సంగతే అయినా, తెలుగు జిల్లాల మొక్కల పేర్లను కూర్చి 'ఫ్లోరా ఆంధ్రికా'ను 1859లోనే మద్రాసులో అచ్చువేయించిన ఘనత కూడా ఆయనదే.

కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ చేసిన మేలు ఇంకా పెద్దది. బోర్నియో దీవిలోని సరవాక్ నుంచి ప్రకృతి శాస్త్రవేత్త వాలేస్ కొత్త జాతుల రాక గురించి రాసిన వ్యాసాన్ని తప్పక గమనించదగినదిగా 1855 డిసెంబరులోనే ఆయన డార్విన్ దృష్టికి తెచ్చాడు. డార్విన్ దాన్ని అప్పట్లో తగినంతగా పట్టించుకోలేదు. 1858లో అదే వాలేస్ నుంచి ప్రకృతి వరణాన్నే వివరిస్తూ ఉత్తరం వచ్చేసరికి కంగారుపడ్డాడు.

వ్యాసంలో మరో పొరపాటు కూడా ఉంది. 1858 జూలై 1న లండన్‌లోని లినేయన్ సొసైటీ సభలో డార్విన్ ప్రకృతి వరణంపై తన పత్రాన్ని స్వయంగా చదివాడని రాశారు, కానీ ఆయన చదవలేదు. పసికొడుకు చనిపోయి అప్పటికి మూడు రోజులే కావడంతో ఆయన సభకే వెళ్లలేదు. వాలేస్ ఎక్కడో తూర్పు దీవుల్లో ఉన్నాడు. ఇద్దరి రచనలనూ సభలో ఇతరులే చదివి వినిపించారు.

వ్యాసం రెండో భాగం వచ్చే వారం ఉందని ప్రకటించారు కనుక, అందులో ఈ సవరణలతో పాటు ఎలియట్, బ్లైత్‌ల ప్రస్తావన కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు,
త్యాగరాయ నగర్, చెన్నై