కథ నిర్వచనాలు కాదు, కథ రాయడం నేర్పండి

సంపాదకులకు,

హైస్కూల్‌లో కథ గురించి పాఠమంటే చాలా చోట్ల పాత్రలు, నేపథ్యం, ఇతివృత్తం, సంఘర్షణ, ముగింపు అని బోర్డు మీద రాసి నిర్వచనాలు బట్టీ పట్టించడమే. ఇలా చదివిన పిల్లలు ఒక్క పేజీ కథ రాయమంటే టెన్షన్ పడిపోతారు, అందులో వాళ్ల తప్పేం లేదు.

మొదలుపెట్టాల్సింది ఒకే ప్రశ్నతో: ఈ మనిషికి ఏం కావాలి, అది దక్కకుండా ఏది అడ్డుపడుతోంది? ఇంట్లో ఒకటే సైకిల్, అన్నకీ తమ్ముడికీ ఒకే సమయానికి కావాలి అనండి చాలు, పాత్రలూ సంఘర్షణా వచ్చేశాయి, ఇక అన్న ఏం చేస్తాడు, దానివల్ల ఏం జరుగుతుంది అని అడుగుతూ పోతే మిగతాది పిల్లలే అల్లేస్తారు. అదే సంఘటనను తమ్ముడి వైపు నుంచి మళ్లీ రాయమనండి, దృష్టికోణం అంటే ఏంటో విడిగా చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. కథలో ఉత్కంఠ ఎలా పైకెక్కి కిందికి దిగుతుందో చూపించే త్రికోణం బొమ్మ ఒకటి పాఠాల్లో కనిపిస్తుంది. దాన్ని జర్మన్ రచయిత గుస్టావ్ ఫ్రైటాగ్ 1863లో వివరించింది ఐదంకాల నాటకాల కోసం. దాన్ని ప్రతి చిన్న కథ మీదా రుద్దకండి, నడిమధ్యలో మొదలయ్యేవీ, ముడి విప్పకుండానే ఆగేవీ మంచి కథలే.

మొదటి ప్రతి మీద మాత్రం దయచేసి ఎర్ర సిరా పెట్టొద్దు. ముందు పైకి చదివించండి, ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ అర్థం కాలేదో తోటి పిల్లలే చెబుతారు, ఆ తర్వాత తిరగరాయడానికి ఇంకో పీరియడ్ కావాలి. టైమ్‌టేబుల్‌లో దానికి చోటు కల్పించమని ప్రధానోపాధ్యాయులను గట్టిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు