రంగు సంగతి తర్వాత, ముందు మంచం ఎక్కడో తేల్చు

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన రంగుల కార్డు చూశాను. నాలుగు రంగులూ బాగానే ఉన్నాయిరా, కానీ బెడ్‌రూమ్‌లో రంగు ఆఖరి పని. ముందు మంచం ఎక్కడ పడుతుందో తేలాలి. అది తేలితే స్విచ్చి బోర్డు ఎక్కడో తేలుతుంది, కబోర్డు ఏ గోడకో తేలుతుంది, గోడ ఎంత మిగులుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. ముందు రంగు వేయించేసి, తర్వాత స్విచ్చి కోసం అదే గోడను మెషీన్‌తో కోయించుకునే వాళ్లు తక్కువ మందేం కాదు.

నీ గది దక్షిణం గోడ 12 అడుగులు, పడమటి గోడ 11 అడుగులు. తల దక్షిణానికే పెట్టాలని మీ అమ్మగారు అంటున్నారుగా, పెట్టెయ్. ఈ గదికి అదే కుదురుతుంది కూడా, వాస్తుతో గొడవే లేదు. కబోర్డు పడమటి గోడకు. దాని లోతు 2 అడుగులు పోతే అడ్డంగా నీకు మిగిలేది 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. నువ్వు కింగ్ సైజు అంటున్నావు. పరుపు 72 అంగుళాలు, చట్రంతో కలిపి 76 అవుతుంది. మిగిలిన 44ని రెండు పక్కలకీ పంచితే చెరో 22. కబోర్డు తలుపు తీసి ఆ సందులో మనిషి నిలబడలేడు. క్వీన్ తీసుకో. పరుపు 60, చట్రంతో 64. అప్పుడు 56 అంగుళాలు మిగులుతాయి: కబోర్డు వైపు 36, తూర్పున కిటికీ వైపు 20 వదులు. సగం సగం పంచాలని ఎక్కడా లేదు. కిటికీ వైపు 18 అంగుళాల చిన్న బల్ల పడుతుంది. కబోర్డు వైపు మాత్రం బల్ల వద్దు, గోడకు 12 అంగుళాల చెక్క అర చాలు. 18 అంగుళాల బల్ల పెడితే, పక్కనున్న 21 అంగుళాల కబోర్డు తలుపు వచ్చి దానికే కొట్టుకుంటుంది.

పాత న్యూస్‌పేపర్లు అంటించి నేల మీద మంచం సైజు పరిచి, ఒక రాత్రి లైటు ఆర్పేసి దాని చుట్టూ నడిచి చూడు. ఏ డ్రాయింగూ చెప్పని సంగతి మోకాలు చెబుతుంది.

ఇప్పుడు కరెంటు. మంచం మధ్యగీత తూర్పు గోడ నుంచి 52 అంగుళాల దగ్గర వస్తుంది. ఆ గీత గోడ మీద పెన్సిల్‌తో గీసి, అటూ ఇటూ 38 అంగుళాల దగ్గర చెరొక బోర్డు పెట్టించు. అంటే చట్రం అంచుకు 6 అంగుళాల అవతల. బోర్డు కింది అంచు నేల నుంచి 28 అంగుళాలైనా ఉండాలి, లేకపోతే బల్ల వెనకాల దాక్కుంటుంది. ఫ్యానుకూ ఒక లైటుకూ రెండు చోట్ల నుంచి వేసి ఆర్పేలా టూ వే స్విచ్చిలు పెట్టించు, తలుపు దగ్గర ఒకటి, మంచం దగ్గర ఒకటి. దీనికి అదనంగా వైర్లు లాగాలి కాబట్టి లప్పం పెట్టకముందే చెప్పాలి. ఏసీ తూర్పు గోడకు పెట్టు. ఉత్తరం గోడకు పెడితే రాత్రంతా గాలి నేరుగా మొహానికి కొడుతుంది. దానికి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా మెయిన్ బోర్డు దాకా లాగించు. నీళ్ల పైపు బయటికి వాలుగా ఉండాలి. మధ్యలో ఎక్కడ కాస్త పైకి లేచినా నీళ్లు నిలిచి గోడ మీదికే కారతాయి.

కబోర్డు దగ్గర కాస్త ఆగుదాం, డబ్బంతా పోయేది అక్కడే. పడమటి గోడ ఎండాకాలం మధ్యాహ్నం నుంచి కాలుతుంది, నైరుతి వానలూ ఆ వైపే కొడతాయి. కబోర్డు అడ్డం ఉంటే గదికి వేడి కొంత తగ్గుతుంది, మంచిదే. కానీ గోడలో చెమ్మ ఉంటే కబోర్డు వెనక కుళ్లేది నీకు కనిపించదు. అడుగున్నర పాలిథిన్ ముక్క గోడకు ఆనించి నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు వదిలెయ్. తీసేటప్పుడు గోడవైపు నీటి బిందువులు కనిపిస్తే చెమ్మ గోడలోంచే వస్తోందన్నమాట. బయటి గోడ పగుళ్లు పూడ్పించి, అది ఆరాకే కార్పెంటర్‌ని పిలువు.

ప్లైవుడ్ మీద ఐఎస్ (భారత ప్రమాణం) 710 అని ఉంటే అది నీటిని బాగా తట్టుకునే రకం, మెరైన్ అంటారు. బెడ్‌రూమ్‌కు అంత అక్కర్లేదు. ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకం సరిపోతుంది. అదే 303 కింద ఎంఆర్ (గాలిలో తేమను మాత్రమే తట్టుకునే) రకం కూడా అమ్ముతారు, అది గోడ చెమ్మకు ఓర్చదు. కాబట్టి ఉత్త నంబరు చూసి తలూపకు, ముద్ర మొత్తం చదువు. కబోర్డు పెట్టెకు 18 ఎంఎం మందం. అరలు 30 అంగుళాలు దాటి పొడవుంటే, చీరల బరువుకు రెండేళ్లలో మధ్యలో వంగుతాయి.

తలుపుల గురించి ఒక్క మాట గట్టిగా చెబుతున్నా విను. బయటివైపు 1 ఎంఎం సన్‌మైకా అతికించి లోపలివైపు ఉత్త ప్లై వదిలేస్తారు, లేదా రంగు పూస్తారు. చూడ్డానికి తేడా ఉండదు, కొటేషన్‌లో కొంత తగ్గుతుంది. వాన రోజుల్లో లోపలి చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, బయటివైపు సన్‌మైకా కదలనివ్వదు. తలుపు విల్లులా వంగి, పైమూల మూతపడదు. బందులు బిగించినా లాభం ఉండదు, ఎందుకంటే వంకర బందుల్లో లేదు. లోపల కూడా 0.8 ఎంఎం షీటు అతికించాలి, అదీ ఒకే రోజున. తలుపు ఎత్తు 7 అడుగులకు మించనివ్వకు. పైన మిగిలింది అటక, దానికి వేరే తలుపులు. 7 అడుగుల తలుపుకు 5 బందులు కావాలి. మూడుతో సరిపెట్టేవాడు ఉంటాడు, ఒప్పుకోకు.

వెడల్పు 7 అడుగులు అనుకుంటే 21 అంగుళాల తలుపులు నాలుగు వస్తాయి. ఒక గడిలో పైనా కిందా చొక్కాలకు 40 అంగుళాల చొప్పున రెండు రాడ్లు, ఇంకో గడిలో పొడుగు బట్టలకు 60. మడత బట్టల అరలు 12 నుంచి 14 అంగుళాల ఎడం. సొరుగులు తలుపు లోపల పెట్టిస్తే బందు వైపు 2 అంగుళాలు లోపలికి జరపమను. లేకపోతే తలుపు పూర్తిగా తెరుచుకోని రోజున సొరుగు దానికి గీసుకుంటుంది. అడుగున 4 అంగుళాల పీఠం వదిలించు, తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ చెక్క తడవకుండా. రేటు ముందు వైపు చదరపు అడుగుల లెక్కన చెబుతారు. అందులో అటక, సొరుగులు, బందులు ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకో.

అన్నట్టు ఫ్యాను! కొక్కెం గది మధ్యలో ఉంటే పడమటి గోడ నుంచి 72 అంగుళాలు. 1200 ఎంఎం ఫ్యాను రెక్క కొస గోడకు 48 అంగుళాల దూరంలో తిరుగుతుంది. కబోర్డు లోతు 24, అటక తలుపు 21, కలిపితే 45. మూడంగుళాలతో బయటపడతావు. అదే 1400 ఎంఎం ఫ్యాను తెచ్చావా, రెక్క కొస 44 దగ్గరికి వస్తుంది, అటక తలుపు తీసిన చోటే తగులుతుంది.  వద్దు.

ఫాల్స్ సీలింగ్ గది మొత్తం వేయించకు అంటాను. ఎత్తు అరడుగు పోతుంది, ఫ్యాను రాడ్డు పొడుగు చేయించాలి, పైన చెమ్మ వస్తే కనబడదు. ఆ డబ్బుతో మంచానికి రెండు పక్కలా నేల నుంచి 4 అడుగుల ఎత్తులో గోడ లైట్లు పెట్టుకో. బల్బులన్నీ 3000 కె (కెల్విన్, వెలుతురు రంగు కొలత; అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే తెలుపు). కబోర్డు ముందు ఒక్కటి 4000 కె, నీలం చొక్కాకూ నలుపు చొక్కాకూ తేడా తెలియడానికి. 6500 కె తెల్ల లైటు మాత్రం బెడ్‌రూమ్‌లో పెట్టకు, ఆసుపత్రి వార్డులా ఉంటుంది.

కిటికీ 5 అడుగుల వెడల్పు కాబట్టి రాడ్డు అటూ ఇటూ 9 అంగుళాలు ఎక్కువ తీసుకుని ఆరున్నర అడుగులు పెట్టు. గుడ్డ దానికి రెట్టింపైనా ఉండాలి. రెడీమేడ్ కర్టెన్ ఒకటి 4 అడుగుల వెడల్పు ఉంటుంది, నాలుగు తెచ్చుకో. రాడ్డు 7 అడుగుల 4 అంగుళాల ఎత్తున పెట్టి 7 అడుగుల కర్టెన్ వేలాడదీస్తే పొట్టి లాగులా ఉంటుంది. 9 అడుగులవి తెచ్చి కిందికి మడిచి కుట్టించు. నూలుదైతే ముందు ఒకసారి ఉతికి, తర్వాతే కత్తిరించాలి. పెడన కలంకారీ కర్టెన్ అన్నావుగా, తూర్పు ఎండకు ఆ రంగులు వెలిసిపోతాయిరా. దాన్ని మంచం మీదికి దుప్పటిగా వాడుకో. నేల మీదికి వరంగల్ జంపఖానా 5 × 8 అడుగులది చూడు. మంచం కాళ్ల వైపు అడ్డంగా వేస్తే రెండు పక్కలా 16 అంగుళాలు బయటికొస్తుంది, పొద్దున కాలు దాని మీదే పడుతుంది.

ఇక నీ రంగులు. కబోర్డు, తలుపు, కిటికీ పోగా గోడ దాదాపు 300 చదరపు అడుగులు మిగులుతుంది. రెండు కోటింగులకు 5 లీటర్ల దాకా పడుతుంది. కార్డు మీద చూసి నిర్ణయించకు. రెండడుగుల చదరంలో రెండు కోటింగులు వేయించి, పొద్దున ఒకసారి, రాత్రి 3000 కె లైటు కింద ఒకసారి చూడు. నీకు నచ్చిన ఆ బూడిదరంగు పసుపు వెలుతురులో ఆకుపచ్చగా మారినా ఆశ్చర్యం లేదు. ముదురు రంగు మంచం వెనక గోడ ఒక్కదానికే.

రేపు గదికి వెళ్తావుగా, టేపు పట్టుకెళ్లు. పడమటి గోడను కింద, నడుమెత్తున, పైన మూడుచోట్లా కొలువు. ఒకే అంకె రాదు, చిన్నదే కార్పెంటర్‌కు ఇవ్వు, మిగతాది పట్టీతో మూయిస్తాడు. ఫ్యాను కొక్కెం పడమటి గోడ నుంచి ఎంతుందో కూడా కొలిచి రాయి. 72 కన్నా తక్కువైతే అటక తలుపుల లెక్క మళ్లీ వేయాలి.

నీ
రాజు