సిలబస్‌తో పాటు వెర్షన్ నంబర్లూ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ కాలేజీలో పైథాన్ చెప్పేవాళ్లకు ప్రోగ్రామ్ రాయించడం కంటే ప్యాకేజీలు (ముందే రాసిపెట్టిన కోడ్ మూటలు) ఎక్కించడమే పెద్ద టెన్షన్. డేటా విశ్లేషణకు వాడే పాండాస్ ప్యాకేజీ కోసం ల్యాబ్‌లో పిల్లలంతా ఒకేసారి 'పిప్ ఇన్‌స్టాల్ పాండాస్' అనే కమాండ్ కొడితే మా ఊరి నెట్ చేతులెత్తేస్తుంది. ఒకరికి సగంలో ఆగిపోతుంది, పక్కవాళ్లకు ఎర్రక్షరాల్లో టైమ్ అవుట్. గంట కాస్తా అక్కడే హరించుకుపోతుంది.

దారి లేకపోలేదు. ఒక్క కంప్యూటర్లో 'పిప్ డౌన్‌లోడ్' కొడితే, పాండాస్‌కు కావాల్సిన నంపై (లెక్కల ప్యాకేజీ) వగైరా కూడా ఒకే ఫోల్డర్‌లోకి దిగుతాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, 'నో ఇండెక్స్', 'ఫైండ్ లింక్స్' ఆప్షన్లతో మిగతా సిస్టమ్‌లలో నెట్ లేకుండానే ఎక్కించవచ్చు. అన్నిటిలో ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ వెర్షన్ ఒకటే ఉండాలి. మా ల్యాబ్‌లో ఇలాగే చేస్తున్నాం.

వెర్షన్ల గొడవ మాత్రం మా చేతుల్లో లేదు. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చాక, పాత నంపైతో తయారైన కొన్ని ప్యాకేజీలు ఇంపోర్ట్ దగ్గరే మొరాయించాయి. ల్యాబ్ మాన్యువల్‌లో చూస్తే 'నంపై ఇన్‌స్టాల్ చేసుకోవాలి' అని ఒక్క ముక్క! ఏ వెర్షనో ఎవరిని అడగాలి?

యూనివర్సిటీలు సిలబస్‌తో పాటు ప్యాకేజీల పేర్లు, వెర్షన్ నంబర్లు వేసిన రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఒకటి పంపితే చాలు. అందులో ఉండేది పది వరసలే. ప్రాక్టికల్స్‌కు నెల ముందు అందినా, సబ్జెక్టుకో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒకదాని ప్యాకేజీలు ఇంకోదాంతో కలవకుండా ఉంచే విడి అర) పెట్టి అన్నీ సిద్ధం చేసుకుంటాం.

- ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు, పలాస