కోడింగ్ అక్కర్లేని హ్యాకథాన్: జమా ఖర్చుల వివరణ

దాతలకు, పాల్గొన్నవారికి, తమ పని మా ముందు పెట్టిన దుకాణదారులకు, సేవాసంస్థల నిర్వాహకులకు నమస్కారం.

ఈ ఆషాఢంలో రాజమహేంద్రవరంలో శని, ఆదివారాలు రెండు రోజులు జరిపిన హ్యాకథాన్ లెక్క ఇది. హ్యాకథాన్ అంటే కొందరు ఒకచోట చేరి ఒకటి రెండు రోజుల్లో ఆప్‌లు తయారుచేసే కార్యక్రమం. మా దాంట్లో కోడింగ్, అంటే ప్రోగ్రాములు రాయడం, రానివాళ్లు కూడా కూర్చుని దుకాణాలకు, సేవాసంస్థలకు కావలసిన ఆప్‌లు చేశారు. వచ్చింది 2,05,050 రూపాయలు. ఖర్చు 1,66,080. మిగులు 38,970. అంకెలు చాలనుకునేవారు ఇక్కడితో ఆగిపోవచ్చు. చందాకు వచ్చినప్పుడు "కంప్యూటర్ పోటీకి మా డబ్బెందుకయ్యా" అని అడిగి కూడా ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మిగతాది వాళ్ల కోసం.

ముందు జమ.

యూపీఐ ద్వారా స్థానిక దాతలు ఇచ్చింది: 86,450
రసీదు పుస్తకాల మీద నగదు: 31,200
ఇక్కడివారై హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేస్తున్నవారు పంపింది: 64,000
పాల్గొన్న 72 మంది ప్రవేశ రుసుము, తలకు 200: 14,400
తొమ్మిది దుకాణాల నమోదు రుసుము, ఒక్కోటి 1,000: 9,000
మొత్తం జమ: 2,05,050

సేవాసంస్థల దగ్గర నమోదు రుసుము తీసుకోలేదు. విరాళాల్లో ఎక్కువ భాగం 116, 516, 1,116 చొప్పున వచ్చినవే. మా కమిటీకి 80జి గుర్తింపు లేదు, కాబట్టి ఈ రసీదులు చూపించి ఆదాయపు పన్నులో మినహాయింపు అడగడానికి వీల్లేదు. ఈ మాట రసీదు మీదే అచ్చు వేయించాం. అయినా ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తున్నారు కనుక మళ్లీ చెబుతున్నాం.

అమెరికా నుంచి పంపుతామన్నవారి సంగతి కూడా చెప్పాలి. భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి విదేశంలో తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే మాత్రం, పుట్టింది మన గోదావరి గట్టునే అయినా, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి, మాకు లేదు. అందుకని అలాంటివారికి వద్దని చెప్పాం. "పాతిక వేలు చేతికొస్తుంటే వద్దంటారా" అని మాలోనే ఒకరు గింజుకున్నారు. వద్దనడమే మంచిదని మిగతావాళ్లం అనుకున్నాం, ఇప్పుడూ అదే అనుకుంటున్నాం. డబ్బే ఇవ్వాలా ఏంటి! వాళ్లలో ఒకరు రెండు రాత్రులు వీడియో కాల్‌లో కూర్చుని పాల్గొన్న మన పిల్లలకు షీట్‌లో లెక్కలు చేసే ఫార్ములాలు నేర్పించారు.

ఇక ఖర్చు.

అన్నిటికంటే ముందు భోజనాలే. 58,300. అంత అయిందా అనేవారి కోసం: రెండు పూటల టిఫిను 110 మందికి 50 చొప్పున 11,000, రెండు మధ్యాహ్న భోజనాలు 150 చొప్పున 33,000, శనివారం రాత్రి ఆగిపోయిన 90 మందికి 100 చొప్పున 9,000, టీ, కాఫీ, మజ్జిగ, బిస్కెట్లు 5,300. మొదట పొట్లాలు తెప్పిద్దామని అనుకున్నాం, చవక. కానీ నర్సరీ యజమాని, ఇంజినీరింగ్ కుర్రాడు ఒకే బంతిలో కూర్చుని తింటే, బల్ల దగ్గర అడగడానికి మొహమాటపడ్డవన్నీ అక్కడ బయటికొస్తాయి. వచ్చాయి కూడా. సాంబారు వడ్డిస్తుండగా తేలిన సంగతులు రెండు ఆప్‌ల రూపమే మార్చేశాయి. కాబట్టి ఈ పద్దు తగ్గించాలన్న సలహాను మేం ఒప్పుకోవడం లేదు.

కల్యాణ మండపం రెండు రోజుల అద్దె 24,000. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక బేరం కుదిరింది, శ్రావణం వచ్చాక ఆ ధరకు గుమ్మం కూడా ఎక్కనివ్వరు. మీటరు ప్రకారం కరెంటు 3,860, జనరేటరుకు డీజిల్ 2,740. శనివారం సాయంత్రం వాన, దాంతోపాటే కరెంటు కోత. డీజిల్ పద్దు అంచనా దాటింది అందుకే. బల్లలు, కుర్చీల అద్దె 7,200. ఎక్స్‌టెన్షన్ బోర్డులు అద్దెకు తీసుకుంటే కొన్నంత అవుతోందని కొనేశాం, 4,150. ఇంటర్నెట్ 6,500. హైదరాబాద్ నుంచి వచ్చిన శిక్షకుల రైలు చార్జీలు 9,840. వాళ్లు పారితోషికం పుచ్చుకోలేదు. గుడ్డ బ్యానర్లు, కరపత్రాలు, బ్యాడ్జీలు 5,900. కార్యక్రమానికి ముందు కడియం, ఆత్రేయపురం తిరిగిన వ్యాను 6,400. సర్టిఫికెట్లు 2,160. కాగితాలు, పెన్నులు, బ్యాంకు చార్జీలు కలిపి 1,300.

ఇంతవరకు 1,32,350. మిగతా 33,730 నేరుగా రెండు సేవాసంస్థలకు వెళ్లింది. అదెలాగో చెప్పేముందు, వ్యాను ఎందుకో చెప్పాలి.

కోడింగ్ రాకుండా ఆప్ చేయడమంటే పెద్ద మాయ ఏమీ కాదు. వివరాలన్నీ ఒక షీట్‌లో సరిగ్గా పేరిస్తే, దాని మీద తెరలు, మీటలు, లెక్కలు ఆప్ తయారుచేసే ఆన్‌లైన్ సాధనమే అమర్చిపెడుతుంది. ఎక్సెల్‌లో జీతాల పట్టిక వేసే గుమాస్తా కూడా ఒక పూటలో పట్టుకోగలడు. పాల్గొన్నవారిలో రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు కూడా ఉన్నారు. చిక్కంతా ముందు భాగంలోనే, అంటే ఏం పేర్చాలో తెలుసుకోవడంలో. దానికి ఆ చోటికి వెళ్లి చూడాలి.

కడియం వైపు ఒక చిన్న నర్సరీకి వెళ్లాం. బయటి రాష్ట్రం నుంచి లారీవాళ్లు ఫోన్ చేసి "ఫలానా మొక్క ఆరడుగులది ఎన్ని ఉన్నాయి" అంటే, యజమాని ఒక మనిషిని మడుల్లోకి తోలి లెక్కపెట్టించి మళ్లీ ఫోన్ చేయాలి. ఈలోగా బేరం పక్క నర్సరీకి పోతుంది. పిల్లలు ముందు గీసుకున్న పట్టికలో మొక్క పేరు, సంఖ్య, ధర మూడే గళ్లు. అక్కడికెళ్లాక తెలిసింది: ఒకే మొక్క కవరు సైజును బట్టి ఒక ధర, ఎత్తును బట్టి ఒక ధర, కుండీలోకి మార్చాక ఇంకో ధర. పైగా మొక్క పెరుగుతుంది! మొన్నటి నాలుగడుగులది ఇవాళ ఐదడుగులు. సిమెంటు బస్తాల లెక్క మొక్కలకు పనికిరాదు. చివరికి మడికొక నంబరిచ్చి, మొక్క ఫొటో, కింద కూడిక, తీసివేత మీటలు పెట్టారు. చదువు రాని కూలీ కూడా ఫొటో చూసి నొక్కుతాడు. ఎత్తు మాత్రం నెలకోసారి మేస్త్రి సరిచూస్తాడు. ఈ ఆప్‌కు నెలనెలా అయ్యే సబ్‌స్క్రిప్షన్ యజమానే కట్టుకుంటున్నారు, అది ఈ లెక్కలో లేదు.

ఆత్రేయపురం పూతరేకుల దుకాణంవారు తెచ్చిన ఇబ్బంది మేం అనుకున్నది కాదు. ఆ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, ఆర్డర్లకు కొదవ లేదు. వాట్సాప్ బిజినెస్‌లో చక్కెరవి, బెల్లంవి, డ్రైఫ్రూట్‌వి విడివిడిగా క్యాటలాగ్ పెట్టుకోవడం గంట పని, దానికి పైసా ఖర్చు లేదు. వాళ్ల బాధ ఇళ్ల దగ్గర రేకులు తీసే ఆడవాళ్ల కూలి లెక్క. ఎవరు ఎన్ని వందల రేకులు తెచ్చారు, విరిగినవి ఎన్ని, ఎంత ముట్టింది అన్నదాని మీద పండగ రోజుల్లో రోజూ తగువే. ఇప్పుడు రేకులు దించిన వెంటనే అంకె షీట్‌లోకెక్కుతుంది, ఆవిడ ఫోన్‌కూ అదే అంకె మెసేజ్‌గా వెళుతుంది. ఇద్దరి దగ్గరా ఒకే లెక్క.

ఒక కిరాణా కొట్టాయన అప్పు పుస్తకానికి బదులు ఆప్ కావాలని వచ్చి, ఆదివారం మధ్యాహ్నానికల్లా వద్దన్నారు. పుస్తకంలో రాస్తుంటే ఖాతాదారు ఎదురుగా నిలబడి చూస్తాడట, ఫోన్‌లో నొక్కితే నమ్మడట. ఆయన మాటే సబబు. రుసుము వెయ్యి మాత్రం వెనక్కి ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. మిగతా దుకాణాల పనులు బిల్లులు, అపాయింట్‌మెంట్లు, సరుకు గుర్తుచేసే మెసేజ్‌ల వంటివి. వాటి గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు ఆ 33,730.

రక్తదాతల బృందం ఒకటి చాలా ఏళ్లుగా డైరీలో పేర్లు పెట్టుకుని నడుస్తోంది. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, కాబట్టి వీళ్ల ఫోన్ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. ఒకసారి ఇచ్చాక మగవారు మూడు నెలలు, ఆడవారు నాలుగు నెలలు ఆగాలి. డైరీ చూసి పదిమందికి ఫోన్ చేస్తే ఆరుగురు "మొన్ననే ఇచ్చానండీ" అనేవారు. షీట్‌లో చివరిసారి ఇచ్చిన తేదీ ఉంటే గడువు నిండనివారు దానంతటదే పక్కకు తప్పుకుంటారు. ఇంతవరకు ఉచితంగానే అవుతుంది. అయితే ఆ షీట్ లింకు ఎవరి చేతికి వెళితే వాళ్లకు దాతలందరి ఫోన్ నంబర్లు కనిపిస్తాయి. అందులో ఆడపిల్లల నంబర్లూ ఉన్నాయి. ఎవరికి ఏ వరస కనపడాలో కట్టడి చేయాలంటే డబ్బు కట్టే ప్లాను తీసుకోవాలి. తీసుకున్నాం.

వృద్ధాశ్రమం కోరింది మందుల పట్టిక. అది చేశారు. దాంతోపాటు బయటపడ్డది అన్నదానం తేదీల గొడవ. జనవరి ఒకటిన, పండగలకు, కొన్ని పెళ్లిరోజులకు ఇద్దరు ముగ్గురు దాతలు ఒకే పూట భోజనం తెస్తారు. తర్వాతి వారం గంజి కాచే మనిషి కూడా ఉండదు. ఇప్పుడు వారి వెబ్ పేజీలో ఏ పూట ఖాళీయో కనిపిస్తుంది, నిండిన పూటను నొక్కినా తీసుకోదు. దగ్గర్లోని ఖాళీ తేదీ చూపిస్తుంది. రెండు రోజుల్లో జరిగిన పనులన్నిట్లో మా కమిటీకి బాగా నచ్చింది ఇదే.

వీటికైన ఖర్చు: రక్తదాతల బృందానికి రెండు, ఆశ్రమానికి ఒకటి, మూడు లాగిన్లకు ఏడాది సబ్‌స్క్రిప్షన్ 18 శాతం జీఎస్టీతో 18,690. బిల్లు డాలర్లలో కనుక కార్డు మీద మారకపు రుసుము 772. ఆశ్రమం వెబ్ చిరునామా రెండేళ్లకు 2,318. మందుల డబ్బాలు, తడిసినా చెరగని లేబుళ్లు 3,450. సెకండ్ హ్యాండ్ ట్యాబ్ 8,500. షీట్లు, ఆప్‌లు అన్నీ ఆయా సంస్థల సొంత జీమెయిల్ ఖాతాల్లోనే ఉన్నాయి, పాస్‌వర్డ్ తిరిగి తెచ్చుకునే నంబరు కూడా వాళ్లదే. చేసిన కుర్రాడు ఉద్యోగం వచ్చి పుణె వెళ్లిపోతే ఆశ్రమం తలుపు తాళం అతని జేబులో ఉండిపోకూడదు కదా.

నగదు బహుమతులు ఎందుకు లేవని పాల్గొన్నవారిలో కొందరు అలిగారు. ప్రైజు ఉంటే తీర్పు చెప్పేవాళ్ల కళ్లకు నచ్చేలా తెరలు తయారవుతాయి, సోమవారం పొద్దున దుకాణంలో వాడేవాడు గుర్తుకురాడు. రెండోసారి జరిగినా ఇదే పద్ధతి.

మిగిలిన 38,970లో 20,000 వచ్చే ఏడాది ఆ మూడు లాగిన్ల పునరుద్ధరణకు పక్కన పెట్టాం. ఆ తర్వాతి ఏడాది నుంచి సంస్థలే చూసుకోవాలని రాయించుకున్నాం. తక్కిన 18,970తో నెలకో ఆదివారం మరమ్మతు పూట నడుపుతాం. చెడిపోయిన ఫార్ములా, మారిన ఫోన్, కొత్తగా చేరిన పనిమనిషి, ఏదైనా సరే ఆ పూట తీసుకురావచ్చు. టీ, వ్యాను ఖర్చులు తప్ప అందులోంచి ఏమీ తీయం. డబ్బు ఇద్దరు సభ్యుల ఉమ్మడి ఖాతాలో ఉంది, ఇద్దరూ సంతకం పెడితేనే బయటికొస్తుంది.

వస్తురూపంలో వచ్చినవాటికి విలువ కట్టలేదు: రెండు బస్తాల బియ్యం, ఒక ప్రొజెక్టరు అరువు, ఆదివారం అందరికీ పూతరేకులు.

బిల్లులు చూడాలనుకునేవారు మరమ్మతు ఆదివారం రండి, ఫైలు బల్ల మీదే ఉంటుంది. ఏ పద్దు మీదనైనా అభ్యంతరం ఉంటే రాసి ఇవ్వండి, జవాబు కూడా రాసే ఇస్తాం. కొన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు కమిటీ దగ్గరే ఉన్నాయి. వినాయక చవితి పందిళ్లకు కావలసినవారు సంతకం పెట్టి ఉచితంగా తీసుకెళ్లవచ్చు. నిమజ్జనం అయిన వారంలోగా తిరిగి ఇవ్వాలి.