మంత్రిగారూ, ఈసారి మా సభకు మిమ్మల్ని పిలవడం లేదు

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరి లయన్స్ క్లబ్బు కార్యదర్శి నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం ఇది.

జులై ఒకటో తేదీ మా క్లబ్బుకు ఉగాది. కొత్త కార్యవర్గం, ప్రమాణ స్వీకారం, శాలువాలు, పూలదండలు, ముఖ్య అతిథి కోసం ఎదురుచూపులు. పోయిన ఏడాది కళ్ళజోళ్ళ పంపిణీ సభకు ఒక పెద్దాయనను పిలిచాం. మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు. కళ్ళజోళ్ళన్నీ పేర్లు రాసి బల్ల మీద పేర్చి ఉన్నాయి. ఎదురుగా షుగరున్న ముసలివాళ్ళు పొద్దుటి టిఫిను అరిగిపోయి, మధ్యాహ్నం అన్నం దొరక్క కూర్చున్నారు. అతిథి రాకముందే పంచేద్దామనే ధైర్యం మాలో ఒక్కరికీ రాలేదు. తప్పు ఆయనది సగం, మాది సగం. అందుకే ఈ జులైలో ఎవరినీ పిలవకూడదని తీర్మానించుకున్నాం. ఆహ్వాన పత్రిక రాలేదని నొచ్చుకోకండి. దాని బదులే ఈ ఉత్తరం.

మా పనులేమిటో మీకు తెలియనివి కావు. వేసవిలో బస్టాండు దగ్గర చలివేంద్రం. బడి పిల్లలకు కంటి పరీక్షలు. కాలేజీలో రక్తదాన శిబిరం. అది కూడా పిల్లలు సెలవులకు వెళ్ళకముందే పెట్టాలి, ఎందుకంటే రక్తానికి కరువు వచ్చేది సరిగ్గా వాళ్ళు ఊళ్ళో లేని ఎండాకాలంలోనే. నెలకోసారి శుక్లాలు ముదిరినవాళ్ళను బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషను చేయించి తీసుకురావడం. ఇవన్నీ సాగుతున్నాయి. వీటి గురించి అడిగేదేమీ లేదు.

అడిగేది నేత్రదానం గురించి.

లయన్స్ క్లబ్బులు 1917లో అమెరికాలో పుట్టాయి. 1925లో చూపు, వినికిడి రెండూ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ ఒహాయోలో జరిగిన మా మహాసభకు వచ్చి, అంధుల పక్షాన నిలబడమని కోరింది. అప్పటినుంచి కళ్ళ పని మాకు ఇంటిపేరులాంటిది. మా ఊళ్ళో పాత సభ్యులు ఇప్పటికీ చెబుతారు, ఒకప్పుడు హైస్కూలు గదుల్లో బెంచీలు కలిపి ఆపరేషన్లు చేయించేవారట. 1986లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో ఒక సేవా శిబిరంలో ఆపరేషను చేయించుకున్నవాళ్ళలో 84 మందికి ఇన్ఫెక్షను సోకి ఆ కంటి చూపు పోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 1989లో తీర్పు ఇచ్చింది. ఆపరేషన్లు బడిగదుల్లోంచి ఆసుపత్రి థియేటర్లకు మారడం వెనక అలాంటి విషాదాలున్నాయి. మంచి మనసుంటే చాలదు, చేయి తిరిగినవాళ్ళు, శుభ్రమైన చోటు, జవాబు చెప్పే వ్యవస్థ ఉండాలని మా బోటివాళ్ళం నేర్చుకున్న పాఠం అది. అందుకే నేత్రదానం విషయంలో కూడా, మేమే ఏదో చేసేస్తాం అని అనడం లేదు. చేయగలిగినవాళ్ళు మీ దగ్గరున్నారు.

శుక్లానికి కృత్రిమ కటకం ఫ్యాక్టరీలో తయారవుతుంది. నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, కార్నియా, అలా దొరకదు, చనిపోయిన మనిషి ఇవ్వాల్సిందే. మా జిల్లాలో ఆ అవసరం ఎక్కడినుంచి వస్తుందో చెబుతాను. కోతలప్పుడు వరి ఆకు కంటిని గీరుతుంది. నూర్పిళ్ళలో ఊక పడుతుంది. రెండు రోజులు నలుపుకుంటారు, ఎవరో చెప్పిన పసరు పోస్తారు. పుండుపడి, బూజు తెగులు పట్టి, చివరికి తెల్లగా మిగులుతుంది. "కంట్లో పువ్వు పడింది" అంటారు మావాళ్ళు. ఇంత దారుణానికి ఇంత అందమైన మాట ఎవరు పెట్టారో! పువ్వు పడిన కన్ను కూలిపనికి కూడా అడ్డమే.

ఇచ్చేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. నేత్రదాన సభల్లో మా వక్తలు తప్పకుండా భక్త కన్నప్ప కథ చెబుతారు. నేనూ చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, కన్నప్ప అదృష్టవంతుడు, శ్రీకాళహస్తిలో, దానమిచ్చిన కళ్ళు సేకరించే ఐబ్యాంకు వ్యాను కోసం ఎదురుచూడాల్సిన పని ఆయనకు లేకపోయింది.

మొన్నటి కార్తీకంలో మా ఊరి లెక్కల మాస్టారు పోయారు. క్లబ్బు సభ్యుడు కాదు, వేదికలెక్కే మనిషి అసలే కాదు. అంగీకార పత్రం మాత్రం పంచాంగంలో దాచుకుని, కొడుక్కి పదిసార్లు చెప్పి ఉంచారు. రాత్రి పది గంటలకు ప్రాణం పోతే పదిన్నరకు నాకు ఫోను వచ్చింది. చెప్పాల్సినవన్నీ చెప్పాను: ఫ్యాను ఆపండి, రెప్పలు మూసి పైన తడి దూది వేయండి, తల కింద దిండు పెట్టండి. నేలమీద పడుకోబెట్టిన శవానికి దిండేమిటని ముసలమ్మలు గొణిగారట. అయినా పెట్టారు.

ఐబ్యాంకు బృందం జిల్లాకు ఆ చివర ఇంకో ఇంట్లో ఉంది. మాస్టారి ఇంటికి పది నిమిషాల దూరంలో సర్కారు ఆసుపత్రి. అందులో కళ్ళు పరీక్షించే ఆప్తాల్మిక్ ఆఫీసరు మా శిబిరాలకు ఎప్పుడూ వచ్చే మనిషే. నిద్ర లేపితే విసుక్కోలేదు. "నేర్పిస్తే చేస్తానండీ. నేర్పలేదు, ఆర్డరూ లేదు. రేపు ఏదైనా మాట వస్తే నా ఉద్యోగం ఏం కావాలి?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మరణాన్ని ధ్రువీకరించడానికి డాక్టరు దొరికేసరికి అర్ధరాత్రి దాటింది. బృందం వచ్చేసరికి నాలుగున్నర. ఆరు గంటల్లోపు తీయాలి కదా, గడువు అరగంట కిందటే దాటింది. వాళ్ళు చేతులు జోడించి వెనక్కి వెళ్ళిపోయారు. మాస్టారి అబ్బాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, లోపలికెళ్ళి ఫ్యాను వేశాడు.

ఆ తరవాతే చట్టం చదివాను. మానవ అవయవ మార్పిడి చట్టానికి 2011లో తెచ్చిన సవరణ ప్రకారం కార్నియా తీయడానికి డాక్టరే అక్కరలేదు, నిర్ణీత అర్హత, అనుభవం ఉన్న టెక్నీషియన్ చేయవచ్చు. పావుగంట, ఇరవై నిమిషాల పని. ముఖం వికారం కాదు. తీసిన కార్నియా ఎంకే మీడియం అనే ద్రవంలో, ఫ్రిజ్ చల్లదనంలో, నాలుగు రోజులు ఉంటుంది. అంటే ఆరు గంటల తొందర తీయడానికే. తీసింది ఐబ్యాంకుకు మర్నాడు చేరినా నష్టం లేదు. మనం మాత్రం తీసే మనిషినే ఊరూరా పరిగెత్తిస్తున్నాం.

కాబట్టి మంత్రిగారూ, ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఆప్తాల్మిక్ ఆఫీసర్లకు ఐబ్యాంకులో శిక్షణ ఇప్పించి, అర్హత వచ్చినవాళ్ళకు రాతపూర్వకంగా ఆ బాధ్యత అప్పగించండి. రాత్రిపూట పిలిస్తే వచ్చినందుకు వాళ్ళకు ఎంతో కొంత భత్యం కూడా ఇవ్వండి, ఊరికే రమ్మనడం న్యాయం కాదు. ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే, డ్యూటీలో ఉన్నవాళ్ళు కుటుంబాన్ని ఒక్కసారి మెల్లిగా అడిగే పద్ధతి పెట్టండి. పత్రం రాసి ఉండకపోయినా దగ్గరివాళ్ళు ఒప్పుకుంటే చాలు. పత్రం రాసినా వాళ్ళు కాదంటే సాగదు. మా క్లబ్బు బీరువాలో అంగీకార పత్రాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటిని లెక్కపెట్టి పేపరుకు ఫోటో ఇవ్వడమే ఇన్నాళ్ళూ మేం చేసిన ఘనకార్యం. అడగాల్సిన వేళ అడిగే మనిషి లేకపోతే ఆ కట్టలు చెదలకే.

అడగడానికి మనుషులు చాలరంటే మా సభ్యులను వాడుకోండి. మాలో రిటైరైన టీచర్లున్నారు, మందుల షాపుల వాళ్ళున్నారు, ఎల్లైసీ ఏజెంట్లున్నారు. చావు గురించి కుటుంబంతో మాట్లాడటం ఏజెంట్లకు బాగా వచ్చు, నవ్వులాటకు అనడం లేదు. వంతులు వేసుకుని రాత్రిళ్ళు ఫోను ఎత్తుతాం. కారు మాది, పెట్రోలు మాది.

చివరగా మా ప్రకటన ఒకటి. జాతీయ నేత్రదాన పక్షోత్సవాలు ఎప్పటిలాగే ఆగస్టు 25న మొదలై సెప్టెంబరు 8 దాకా ఉంటాయి. ఈసారి మా ఊళ్ళో ర్యాలీ లేదు, బ్యానర్లు లేవు, కళ్ళకు గంతలు కట్టుకుని నడవడాలు లేవు. ఆ డబ్బుతో ఒక ఫ్రిజ్ కొని ఏరియా ఆసుపత్రికి ఇద్దామనుకున్నాం. సూపరింటెండెంటు గారిని కలిసి అడిగాం. సంతోషించారు, టీ ఇచ్చారు. తీసుకోవాలంటే మాత్రం పైనుంచి కాగితం రావాలన్నారు. ఫ్రిజ్‌కు అడ్వాన్సు కట్టేశాం. కాగితం మీ దగ్గరినుంచి రావాలి.

ఇట్లు,
మీ విధేయ,
లయన్స్ క్లబ్బు కార్యదర్శి,
పశ్చిమ గోదావరి జిల్లా